సగం గోలి

ఆ రాత్రి మంచం కింద దొరికిన గోలీల షీటును చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాను. వెండిరంగు రేకు మీద పంటిగాట్లు. పది గుంటల్లో ఒక్కదాంట్లోనే గోలి మిగిలింది, అదీ నలిగిపోయి. మిగతా తొమ్మిదిలో నాయిన వేసుకున్నవి ఎన్నో, గార్డు మింగినవి ఎన్నో తేలలేదు. తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. మేం ఒకటిన్నర రోజు పోగొట్టుకున్నాం.

గార్డు మా కుక్క. లాలాగూడ గేటు దాటాక వచ్చే సందుల్లో ఒకదాంట్లో మా ఇల్లు. నాయిన క్యారేజీ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నిజాం కాలంలో, 1893లో పెట్టిన కార్ఖానా అది. మా సందులో సగం ఇళ్లకు అన్నం పెట్టింది. ఆ గోడ వెంబడి చెత్తకుప్ప దగ్గర, జోరువానలో తడిసి ముద్దయిన పిల్లను నాయిన టిఫిన్ సంచిలో వేసుకుని తెచ్చాడు. రిటైరవడానికి ఏడాది ముందు మాట. అమ్మ వద్దంది. మూడు రోజులకు అమ్మే దానికి పాత చీర పరిచింది.

బండి చివరి పెట్టెలో గార్డు పచ్చజెండా పట్టుకుని నిలబడినట్టు, ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా మా వాడు సందు మలుపుదాకా వచ్చి నిలబడేవాడు. మనిషి కనుమరుగయ్యేదాకా కదిలేవాడు కాదు. అందుకే నాయిన ఆ పేరు పెట్టాడు. రైల్వేవాళ్లు 2022లో ఆ ఉద్యోగం పేరును ట్రెయిన్ మేనేజర్ అని మార్చారు. మా ఇంట్లో గార్డు గార్డుగానే ఉన్నాడు.

గోధుమరంగు ఒళ్లు, ఛాతీ మీద తెల్లమచ్చ, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉండేది. తొమ్మిదేళ్లు ఆ సందును ఏలాడు. బోనాలప్పుడు డప్పుల మోతకు మిగతా కుక్కలన్నీ బండ్ల కిందికి దూరితే, వీడు మాత్రం పోతరాజు ముందు నుంచి పోయేదాకా గడప మీదే కూర్చునేవాడు. పక్కింటి పసిపాప పాకుతూ మెట్టు దాకా వస్తే అడ్డంగా పడుకునేవాడు. పాలవాడికీ పేపరు పిల్లాడికీ గ్యాసు బండవాడికీ తోక ఊపడంలోనే తేడా చూపించేవాడు. అలాంటి వాడు వారం కూడా పట్టకుండా కూలిపోయాడు. వాణ్ని కూల్చింది బండీ కాదు, రోగమూ కాదు. మా ఇంటి మందే.

నిజానికి ఈ కథ ఆ రాత్రి మొదలవలేదు. రెండు నెలల ముందు, వినాయకచవితి పందిళ్లు లేస్తున్న రోజుల్లో, గార్డు వెనక కుడికాలు ఎత్తి నడవడం మొదలుపెట్టాడు. నాయిన మోకాళ్లు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నొప్పి గోలి వేసుకునేవాడు. కుంటుతున్న కుక్కను చూసి, "వానివి గూడ నా లెక్కనే పొయ్యినయి" అన్నాడు. తన గోలిని సగానికి విరిచి, బన్ను ముక్కలో పెట్టి నోటికి అందించాడు. మర్నాటికి గార్డు నాలుగు కాళ్ల మీద పరుగెత్తాడు. ఆ రోజు నాయిన ముఖంలో వెలుగు నాకింకా గుర్తుంది. చాయ్ గిలాస కింద పెట్టి, అమ్మను పిలిచి మరీ చూపించాడు. తర్వాత మరో నాలుగైదు సార్లు, వాడు కుంటినప్పుడల్లా సగం నాయినకు, సగం గార్డుకు.

ఎవరం వద్దనలేదు. వద్దనాలని తోచలేదు. మనిషి నొప్పి తగ్గించిన మందు కుక్క నొప్పి కూడా తగ్గించింది కదా.

కార్తీకమాసం, శనివారం. అమ్మ గుడికి వెళ్లింది. ఖాళీ కడుపున గోలి వేసుకుంటే మండుతుందని నాయిన బన్నుతో కలిపి వేసుకునేవాడు. మర్చిపోకుండా షీటును బన్ను కాగితంలోనే చుట్టి దిండు పక్కన పెట్టుకున్నాడు, కునుకు పట్టింది. కాగితం జారి కింద పడింది. కాగితానికి వెన్న వాసన. ఇంకేం కావాలి.

నేను తొమ్మిదింటికి డ్యూటీ నుంచి వచ్చేసరికి గార్డు ఎప్పట్లాగే మలుపులో ఎదురొచ్చాడు. బట్టలు మార్చుకుంటుంటే చినిగిన కాగితం, షీటు కనిపించాయి. నాయినను లేపి అడిగాను. కళ్లు నులుముకుని చూశాడు.

"ఏం గాదురా. మొన్నటిదాంక సగం సగం ఇస్తనే ఉంటిమి గదా, ఏమన్న అయ్యిందా? జరన్ని పాలు పొయ్యి, ఇరిగిపోతది."

పాలు పోశాను. గార్డు గిన్నె అడుగు మెరిసేదాకా నాకాడు. నా చేయి కూడా నాకి, గడప దగ్గర తన చోట పడుకున్నాడు.

ఆ రాత్రంతా మామూలుగానే ఉన్నాడు. అదే మమ్మల్ని ముంచింది. కొన్ని రకాల నొప్పి గోలీలకు కడుపులో కాకుండా పేగుల్లోకి వెళ్లాక కరిగే పూత ఉంటుంది. మింగిన గంటకో రెండు గంటలకో కుక్క తోక ఊపుతోందంటే మందు పనిచేయలేదని కాదు, ఇంకా మొదలుపెట్టలేదని. ఆ సమయంలోనే ఏమైనా చేయగలిగేది. మేం ఆ సమయాన్ని పాలగిన్నెతో గడిపేశాం.

ఆదివారం పొద్దున అన్నం వాసన చూసి తల తిప్పుకున్నాడు. మధ్యాహ్నం కక్కాడు. నురగలో వడగట్టిన చాయ్‌పత్తిలాంటి నల్లటి నలకలు. చెత్తకుప్పలో ఏదో తిని ఉంటాడనుకున్నాం. సాయంత్రం విరేచనం తారులా నల్లగా, జిగటగా, ఎప్పుడూ లేని ఒక చెడ్డ వాసనతో. అది రక్తమని మాకు తెలియదు. రక్తం ఎర్రగానే వస్తుందనుకునేవాళ్లం. కడుపులో కారిన రక్తం అరిగి నల్లబడి వస్తుందని తర్వాత తెలిసింది. రాత్రి బకెట్టులో మూతి పెట్టి ఆగకుండా నీళ్లు తాగాడు. నీళ్లు తాగుతున్నాడు కదా, కోలుకుంటున్నాడనుకున్నాం.

సోమవారం నేను డ్యూటీకి బయలుదేరాను. గార్డు లేచాడు. గడప దాటాడు. రెండు ఇళ్ల అవతల కూర్చుండిపోయాడు. మలుపుదాకా రాలేదు. తొమ్మిదేళ్లలో మొదటిసారి. నేను బండి తిప్పాను.

ఆటోలో వాణ్ని ఒళ్లో పెట్టుకుని నాయిన, పక్కన నేను. పశువుల డాక్టరు వాడి పై పెదవి ఎత్తి చూశాడు. గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. నోట్లోంచి మరుగుదొడ్డి వాసన. ఆయన మూడు ప్రశ్నలు అడిగాడు. ఏ మందు? ఎన్ని గోలీలు? ఎప్పుడు? తర్వాత తానే వాణ్ని తూకం మీద నిలబెట్టాడు. పద్నాలుగు కిలోలు.

మొదటి ప్రశ్నకు జవాబు నాయిన జేబులో ఉంది. షీటు తీసి ఇచ్చాడు. రెండోదానికి నాయిన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఆ షీటు మొదలుపెట్టింది శుక్రవారం పొద్దున. శుక్రవారం రెండు, శనివారం పొద్దున వేసుకున్నాడో లేదో. లెక్క రెండు దగ్గర ఒకసారి, మూడు దగ్గర ఒకసారి ఆగింది. గార్డు కడుపులోకి ఏడు వెళ్లాయనే అనుకోవాలన్నాడు డాక్టరు. ఇలాంటి చోట ఎక్కువ లెక్కే పట్టాలట. ఒక్కొక్కటి 50 మిల్లీగ్రాములు. ఏడు కలిస్తే 350. పద్నాలుగు కిలోల ఒంటికి కిలోకు 25 మిల్లీగ్రాములు. అరవై కిలోల మా నాయిన రోజుకు రెండు గోలీల చొప్పున వేసుకునేది కిలోకు రెండు కూడా కాదు. అంటే నాయిన రోజంతా తీసుకునేదానికి పదిహేను రెట్లు, ఒక్క గుక్కలో.

అదొక్కటే అయితే ఇంత కాదేమో. "అంతకుముందు ఏమన్నా ఇచ్చిన్రా?" అని అడిగాడాయన. నాయిన సగం గోలీల సంగతి చెప్పాడు. డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఈ మందులు నొప్పిని పుట్టించే రసాయనాలను ఆపుతాయి, అదే దారిలో కడుపు పొరను కాపాడే రసాయనాలనూ, మూత్రపిండాలకు రక్తం సరిగ్గా అందేలా చూసే రసాయనాలనూ ఆపేస్తాయి అని నిదానంగా చెప్పాడు. కుక్క ఒంట్లో ఇంకో చిక్కు ఉంది. కాలేయం ఈ మందును పిత్తంలో కలిపి పేగులోకి వదిలేస్తే, పేగు దాన్ని మళ్లీ రక్తంలోకి లాక్కుంటుంది. పోయింది అనుకున్నది తిరిగి వస్తుంది. ఇదే జాతి మందు ఒకటి, న్యాప్రాక్సెన్, మనిషి రక్తంలో సగానికి తగ్గడానికి పద్నాలుగు పదిహేను గంటలు పడితే కుక్కలో మూడు రోజులు పడుతుంది. కాబట్టి ఆ సగం గోలీలు కాలు నొప్పి తగ్గించిన మాట నిజం. అవే లోపల కడుపు పొరను గీరుతూ వచ్చిన మాటా నిజమే అయ్యుండాలి. శనివారం ఏడు గోలీలు వచ్చిపడింది పచ్చిపుండు మీద.

రక్తం తీశారు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ కుక్కల్లో ఒకటిన్నర దాటకూడదు. గార్డుకు ఎనిమిది దాటింది.

శనివారం రాత్రి తొమ్మిదింటికి మేం చేయాల్సింది ఏమిటో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ముందు వాణ్ని అక్కడి నుంచి లాగి, కింద మిగిలిన గోలీలు ఏరి, షీటు పారేయకుండా దాచి, గుంటలు లెక్కపెట్టి ఉండాలి. వాడి బరువు తెలియకపోతే నేను వాణ్ని ఎత్తుకుని తూకం ఎక్కి, నా బరువు తీసేస్తే సరిపోయేది. మందు పేరు, మోతాదు, సమయం, బరువు చెప్పి వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేసి ఉండాలి. లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. లక్షణం కనిపించిందంటే మందు తన పని మొదలుపెట్టేసిందన్నమాట. మింగి రెండు గంటలు దాటకపోతే, కుక్క పూర్తి స్పృహలో ఉంటే, డాక్టరు మందిచ్చి కక్కిస్తాడు. ఆ తర్వాత యాక్టివేటెడ్ చార్‌కోల్ తాగిస్తాడు. పొయ్యిలో బొగ్గు కాదది, మందును పట్టి ఉంచేలా తయారుచేసిన పొడి. పేగు మళ్లీ మళ్లీ లాక్కునే మందులకు దాన్ని మళ్లీ మళ్లీ ఇస్తారు. కడుపు పుండు పడకుండా మందులు, మూత్రపిండాలు ఎండకుండా రెండు రోజులు సెలైను, మధ్యమధ్య రక్తపరీక్ష. శనివారం రాత్రే వెళ్లి ఉంటే గార్డుకు పట్టేది ఇదే. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. ప్రైవేటు క్లినిక్కులు సికింద్రాబాదులో ఎన్నో. ఏ వేళలో ఏది తెరిచి ఉంటుందో, రాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారో ముందే కనుక్కుని గోడ మీద రాసుకోవచ్చు. మా గోడ మీద గ్యాసువాడి నంబరు ఉంది, కరెంటాయన నంబరు ఉంది.

ఇంట్లో చేయకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో చేయి ముందు అటే పోతుంది. ఉప్పునీళ్లు పట్టించి కక్కించకూడదు. రక్తంలో ఉప్పు పెరిగితే మెదడు దెబ్బతిని కుక్క ఆ ఉప్పుతోనే చచ్చిపోవచ్చు. గొంతులో వేలు పెట్టకూడదు. మత్తుగా ఉన్నదాన్ని, వణుకుతున్నదాన్ని, పగ్ లాంటి చప్పిడి మూతి కుక్కను ఇంట్లో కక్కించబోతే ఆ కక్కు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పాలు దేన్నీ విరిచేయవు. నెయ్యి, గుడ్డు, చింతపండు నీళ్లు ఏవీ చేయవు, సమయం మాత్రం తినేస్తాయి.

ఇప్పుడు ఏ ఇంటి దిండు కింద చూసినా ఒక మందుల సంచీ ఉంటుంది. అందులో జ్వరం గోలి ఉంటుంది. పారాసెటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పిల్లికైతే ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి. బీపీ గోలి రక్తపోటును పడదోస్తుంది, కొన్ని రకాల షుగరు గోలీలు నెత్తురులో చక్కెరను పడదోస్తాయి. క్షయకు వాడే ఐసోనయాజిడ్ కొన్ని మింగినా కుక్కకు ఫిట్స్ వస్తాయి. దానికి విరుగుడు బి6 విటమిన్, కానీ డాక్టరుకు ఏం మింగిందో తెలిస్తేనే కదా ఇచ్చేది. వారానికి ఒకటి వేసుకోమని రాసే 60,000 యూనిట్ల డి విటమిన్ ఉంది చూడండి, బలం మందే కదా అనుకుంటాం. గార్డు అంత కుక్కకు అది ఒక్కటి మింగినా డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. ఇంకా ఎక్కువైతే నెత్తురులో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. నాయిన సంచీలో అవి కూడా ఉన్నాయి. అదృష్టమో ఏమో, వాటికి బన్ను వాసన అంటలేదు.

డాక్టరు గార్డు ముందుకాలికి సెలైను సూది ఎక్కించాక షీటును మళ్లీ తీసి వెనక్కి తిప్పి పేరు చదివాడు. డైక్లోఫెనాక్.

"పెద్దాయనా, మీ చిన్నప్పుడు రాబందుల్ని చూసిన్రా?"

"మస్తు చూసిన. మా ఊర్ల ఎద్దు చస్తే ఊరవతల పడేస్తుంటిమి. యాడికెల్లి వచ్చేటియో, మబ్బుల నుంచి దిగినట్టు దిగేటివి. పొద్దు గుంకేసరికి బొక్కలే మిగిలేటివి."

"వాటిని లేకుండ చేసింది ఈ మందే."

నాయిన నమ్మలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చాక నేను చదివి వినిపించాను. వింటూ వింటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

1970లలో స్విట్జర్లాండు కంపెనీ సీబా-గైగీ తయారుచేసిన మందు ఇది. కీళ్లనొప్పులకు ప్రపంచమంతా వాడింది. 1990లలో చౌకైపోయి మన దేశంలో పశువులకూ సూదిమందుగా వచ్చింది. కుంటుతున్న ఎద్దుకు, పొదుగువాపు వచ్చిన బర్రెకు ఒక సూది పొడిస్తే లేచి నడిచేది. కొన్ని ముసలివి, జబ్బువి ఆ సూది పడ్డ ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయేవి. ఆ కళేబరం మీదికి రాబందులు దిగేవి. ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు ఆగిపోయి, బయటికి పోవాల్సిన యూరిక్ ఆమ్లం లోపలే గడ్డకట్టి, గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లగా పేరుకునేది. భరత్‌పూర్ కేవలదేవ్ పార్కులో పక్షులు కొమ్మల మీద మెడలు వేలాడేసి రోజుల తరబడి కూర్చుని రాలిపోతున్నాయని 1990లలో గమనించింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్. ఏదో అంటురోగం అనుకున్నారు. పురుగుమందు అనుకున్నారు. పాకిస్తానులో లిండ్సే ఓక్స్ అనే అమెరికా పశువైద్య శాస్త్రవేత్త బృందం చచ్చిన పక్షులను కోసి చూసింది. లోపల సున్నం పేరుకున్న 25 పక్షుల్లో 25కూ డైక్లోఫెనాక్ దొరికింది. సున్నం లేని 13లో ఒక్కదానిలోనూ లేదు. 2004లో నేచర్ పత్రికలో అది అచ్చయింది.

1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. మరో రెండు జాతులు వందకు మూడు. కోట్లలో ఉన్న పక్షి పదిహేనేళ్లలో కరిగిపోయింది. ఇంకా గుండె బరువెక్కించేది ఏమిటంటే, అందుకు పశువులన్నిటికీ ఆ మందు పడనక్కరలేదు. వంద కళేబరాల్లో ఒక్కదానికన్నా తక్కువలో మందు ఉన్నా ఇంత నాశనానికి చాలని లెక్క తేలింది. రాబందులు గుంపులుగా తింటాయి. ఒక ఎద్దు చుట్టూ చేరిన గుంపంతా ఒకేసారి పోయేది.

ఎద్దుకు సూది వేయించిన రైతు పాపాత్ముడు కాడు. అది మోకాలు మడిచి లేవలేకపోతుంటే చూడలేకపోయాడు, అంతే. ఆ రాత్రి నాకు బాధ కలిగించింది ఇదే. బన్ను ముక్కలో సగం గోలి పెట్టిన మా నాయిన చేయి, ఎక్కడో పశువుల కొట్టంలో సూదిమందుకు డబ్బులిచ్చిన చేయి, రెండూ జాలిపడ్డ చేతులే. నొప్పి ఎద్దుకైనా కుక్కకైనా మనిషికైనా ఒకటే అని అనుకున్నాయి. అందులో తప్పు లేదు. ఒళ్లు కూడా ఒకటే అనుకున్నాయి.

జటాయువును దేవుడిగా చూసుకున్న నేల మనది. భద్రాచలం దగ్గర ఎటపాకలో జటాయువు పడ్డాడని చెబుతారు. లేపాక్షిలో రాముడు 'లే పక్షీ' అన్నాడని ఊరి పేరుకే కథ కట్టుకున్నాం. రావణుడితో తలపడి రెక్కలు తెగి పడ్డ పక్షి అది. దాని వంశం మాత్రం ఒక పూట మాంసం తిని పడిపోయింది.

పార్శీగుట్ట మా లాలాగూడకు దూరమేం కాదు. సికింద్రాబాదులో 1847లోనే అగ్ని ఆలయం కట్టుకున్న పార్శీలు, తమవాళ్లు పోతే పక్షులకు అప్పగించే మౌనశిఖరం ఆ గుట్ట మీద ఉంది. కార్ఖానాలో చేరిన కొత్తలో ఆ గుట్ట మీద రాబందులు గుండ్రంగా తిరగడం చూశానని నాయిన అంటాడు. ఇప్పుడు రావు. అక్కడ ఊరు నాలుగువైపులా గుట్టను కమ్మేసింది కాబట్టి నింద అంతా మందు మీద వేయడం న్యాయం కాదు. కానీ ఊరు దాటి వెతుకుదామన్నా ఎక్కడున్నాయి? ముంబైలో పార్శీలు ఎండను అద్దాలతో దేహాల మీదికి మళ్లించుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట రాతిగోడ మీద కొన్ని గూళ్లు కట్టుకున్నాయని తెలిసినప్పుడు అటవీశాఖవాళ్లు పసిబిడ్డలను చూసినట్టు కాపలా కాశారు. పశువులకు డైక్లోఫెనాక్ తయారీని ప్రభుత్వం 2006లో ఆపించింది. మనుషుల కోసమని అమ్మే పెద్ద సీసాలు పశువులకు వెళ్తున్నాయని 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించింది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా పశువులకు నిషేధించింది. మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదని 2006లోనే తేలింది. కుక్క కీళ్లనొప్పికి కూడా డాక్టర్లు అదే రాస్తారు, బరువు తూచి, చుక్కల లెక్కన. గార్డు కుంటినప్పుడు ఒక్కసారి అడిగి ఉంటే అదే రాసేవాడు.

రాబందులు పోయాక కళేబరాలు కుళ్లిపోయి, వాటి మీద ఊరకుక్కలు పెరిగాయి. కుక్కకాటు వల్ల వచ్చే జబ్బుతోనూ చెడిపోయిన నీళ్లతోనూ 2000 నుంచి 2005 వరకు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికవేత్తలు, అనంత్ సుదర్శన్, ఇయాల్ ఫ్రాంక్, 2024లో అంచనా వేశారు. అది చదివి నాయినకు వినిపించినప్పుడు గార్డు దొరికిన చెత్తకుప్ప గుర్తొచ్చింది. పక్షులు ఖాళీ చేసిన చోట పెరిగిన కుక్కల్లో ఒక కుక్క, ఆ పక్షులను చంపిన మందుతోనే మా ఇంట్లో పడి ఉంది.

మంగళవారం, బుధవారం సెలైను మీద ఉన్నాడు. నాలుక అంచున పుళ్లు లేచాయి. సీసాలు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ అవుతున్నా మూత్రం రాలేదు. డాక్టరు ప్రతిసారీ పొట్ట కింద వేలితో నొక్కి చూసి తల అడ్డంగా ఊపేవాడు. బుధవారం సాయంత్రం ఆయన నన్ను బయటికి పిలిచి, ఇక బాధ పెట్టడం ఎందుకు, సూదితో నిద్రపుచ్చుదామా అని అడిగాడు. నేను నాయిన వైపు చూశాను. నాయిన సూది అన్న మాట విని గార్డు మెడ కింద చేయి పెట్టి తీయలేదు. రేపు చెబుతామని చెప్పి, వాణ్ని ఇంటికి తెచ్చుకున్నాం.

గురువారం తెల్లవారకముందే ఇంట్లోనే, గడప దగ్గర తన చోటే పోయాడు. చివర్లో ఒకసారి లేవబోయాడు. ముందుకాళ్లు నేల మీద జారాయి. అమ్మ గిన్నెలో నీళ్లు తెచ్చేలోపు అయిపోయింది. పాత చీరలోనే చుట్టి, కార్ఖానా గోడ పక్క, వాడు దొరికిన చోటికి దగ్గరలోనే పాతిపెట్టాం. పక్కింటి పాప అప్పటికి నడక నేర్చింది. రెండు రోజులు మా మెట్టు దాకా వచ్చి నిలబడి చూసి పోయింది.

నాయిన ఆ రోజు నుంచి గోలీలు మానేశాడు. ఎవరెంత చెప్పినా వినలేదు. మూడో వారానికి మోకాళ్లు ఉబ్బి మరుగుదొడ్డికి కూడా గోడ పట్టుకుని పోవాల్సి వచ్చింది. అమ్మ ఇప్పుడు మందుల సంచీని తాళం వేసే స్టీలు డబ్బాలో పెట్టి బీరువా పైన ఉంచుతోంది. ఒకరోజు సాయంత్రం డబ్బా దించి, తిట్టి, ఏడ్చి, గోలీ బన్నూ గిలాసెడు నీళ్లూ నాయిన ముందు పెట్టింది. నాయిన చాలాసేపు ఊరుకుని, చివరికి గోలి తీసుకున్నాడు. అలవాటుగా సగానికి విరిచాడు. ఒక సగం నోట్లో వేసుకున్నాడు.

రెండో సగం చేతిలోనే ఉంది. గడప వైపు చూస్తూ కూర్చున్నాడు.